నియంతకు పాలాభిషేకం

“దండ నువ్వే వెయ్యాలి పరదేశీ. మీ దేశపు దొరే కదా!”

ఊరి కుర్రాళ్ళ నాయకుడు సురేష్‌బాబు బంతిపూల దండ అందించాడు.

పరదేశి అందుకోలేదు.

బస్టాండు పక్కన, పిఠాపురంలో వేయించుకొచ్చిన పెద్ద ఫ్లెక్సీ. సముద్రాల అవతల ఎక్కడో ఉన్న ఓ దేశపు నియంత అందులో చెయ్యూపుతూ నవ్వుతున్నాడు. ‘శాంతిదూతకు మత్స్యకారుల వందనం’ అని కింద రాసి ఉంది.

కుర్రాళ్ళు బిందెలతో పాలు పోస్తున్నారు.

ఆ దేశం ఎన్నో ఏళ్ళుగా ప్రపంచానికి తలుపులు మూసుకుంది. బయటివాళ్ళు లోపలికి పోలేరు. లోపలివాళ్ళు బయటికి రాలేరు. అలాంటిది, ఇక యుద్ధాలు మానేస్తానని, ఎన్నికలు పెడతానని, జైళ్ళలో ఉన్న విదేశీ నావికులను వదిలేస్తానని నియంత టీవీలో ప్రకటించాడు.

ఆ నావికుల్లో ముగ్గురు ఈ ఊరివాళ్ళు. సరుకు ఓడలో పనికి వెళ్ళారు. తుపానుకి ఓడ ఆ దేశపు నీళ్ళలోకి కొట్టుకుపోతే పట్టుబడ్డారు. అచ్చాయమ్మ ఒక్కగానొక్క కొడుకు గంగాధర్ వాళ్ళలో ఒకడు.

అందుకే ఊరంతా పండగ.

“మనిషన్నాక మారడా అండి? శాంతి బహుమతి ఆయనకే ఇవ్వాలి” అన్నాడు టీకొట్టు చంద్రరావు.

“రేవులు తెరిస్తే మన రొయ్యలు అక్కడికీ పోతాయండి” అన్నాడు చెరువుల పల్లంరాజు.

“వెయ్యవయ్యా దండ!” అన్నాడు సురేష్‌బాబు మళ్ళీ.

పరదేశి తల అడ్డంగా ఊపాడు. వచ్చీరాని తెలుగులో మెల్లగా అన్నాడు.

“ఆయన ఊరికే ఏదీ ఇవ్వడండి.”

పాలు పోస్తున్న చేతులు ఆగిపోయాయి.

గుంపులోంచి అచ్చాయమ్మ ముందుకొచ్చింది.

పరదేశి ఆ దేశం నుంచి పారిపోయి కాకినాడ రేవులో దిగినవాడు. తన బిడ్డ ఉన్న దేశపు మనిషని విని, ఆమే వెళ్ళి ఇంటికి తెచ్చుకుంది. వీధిగది ఇచ్చింది. ఐసు ఫ్యాక్టరీలో పని ఇప్పించింది. ఊరు పరదేశి అన్నా, ఆమె తమ్ముడూ అనే పిలిచేది.

“అక్కడ జైల్లో అన్నం పెడతారా తమ్ముడూ?” అని రోజూ అడిగేది.

“పెడతారక్కా” అని రోజూ చెప్పేవాడు.

ఇప్పుడామె అతని ముఖంలోకి చూసింది.

“నా కొడుకు రాడంటావా?”

“అది కాదక్కా...”

“వస్తాడా, రాడా? ఒక్క మాట చెప్పు.”

అతను ఫ్లెక్సీ వైపు చూశాడు.

“నా బిడ్డ వస్తున్నాడంటే నీకు కడుపుమంటా? ఇన్నాళ్ళూ కూడు పెట్టాను కదయ్యా!”

బిందెలో మిగిలిన పాలు ఎవరో అతని నెత్తిన కుమ్మరించారు. అందరూ నవ్వారు.

ఆ సాయంత్రమే అతని పక్కబట్టలు వీధిలో పడ్డాయి. ఐసు ఫ్యాక్టరీలో ఓ మూల తలదాచుకున్నాడు.

నియంత చెప్పిన తేదీ దాటిపోయింది. నావికులు రాలేదు.

ఏవో సాంకేతిక కారణాలన్నారు టీవీలో. కొన్నాళ్ళకి ఆ మాట ఎత్తడమే మానేశారు.

అచ్చాయమ్మ అన్నం మానేసింది.

“వాడి పాడు నోరే తగిలింది” అన్నాడు సురేష్‌బాబు.

ఇంతలో ఓ నల్లకారు వచ్చి ఐసు ఫ్యాక్టరీ ముందు ఆగింది. సూట్లు వేసుకున్న ఇద్దరు దిగారు. ముఖాలు చూస్తే పరదేశి దేశస్థులే. తలుపు వేసుకుని అతనితో చాలాసేపు మాట్లాడి వెళ్ళిపోయారు.

“చూశారా? వీడు వాళ్ళ మనిషే. గూఢచారి!”

ఊరు ఫ్యాక్టరీ మీద పడింది.

“ఏం కావాలంట వాళ్ళకి?” సురేష్‌బాబు కాలరు పట్టుకున్నాడు.



చెంప పగలగొట్టాడు. అయినా పరదేశి చెప్పలేదు. చెయ్యి అడ్డం పెట్టుకోను కూడా లేదు.

“మళ్ళీ ఊళ్ళో కనిపించావంటే చంపేస్తాం.”

“వెళ్ళిపోతున్నానండి.”

పోతూ పోతూ అచ్చాయమ్మ ఇంటి ముందు ఆగాడు. ఆమె తలుపు తియ్యలేదు.

“అక్కా, గంగాధర్ వస్తాడు.”

తలుపుకి దగ్గరగా జరిగాడు.

“అన్నం తినక్కా.”

కాకినాడ బస్సెక్కాడు.

తర్వాత కొద్దిరోజులకే నావికులు ముగ్గుర్నీ వదిలేశారు.

ఊరు బాణసంచా కాల్చింది. నియంతకి ఇంకో ఫ్లెక్సీ కట్టింది. జీపు దిగిన గంగాధర్‌ని చూసి అచ్చాయమ్మ ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక పట్టుకుని వదల్లేదు.

“అమ్మా, మనింట్లో ఆ దేశపాయన ఎవరైనా ఉండేవాడా?” అని అడిగాడు గంగాధర్.

ఆమె చేతులు సడలాయి.

“ఎందుకురా?”

“మమ్మల్ని ఎక్కించే విమానంలోంచి ముందు ఒకాయన్ని దించారు. చేతులకి బేడీలు. మా పక్కనుంచి నడిపించుకుపోతుంటే ఆగి, తెలుగులో అడిగాడమ్మా. ‘అచ్చాయమ్మక్క కొడుకు ఎవరండి?’ అని.”

బాణసంచా కాలుస్తున్నవాళ్ళు ఆగారు.

“నేనేనన్నాను. ‘తొందరగా ఇంటికెళ్ళు, అమ్మ అన్నం తినడం లేదు’ అన్నాడు. ఇంకేదో చెప్పబోతే తుపాకీ మడమతో నోటిమీద కొట్టి లాక్కుపోయారు.”

సురేష్‌బాబు తల దించుకున్నాడు.

అచ్చాయమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. 

“ఎలా దొరికాడురా వాళ్ళకి?”

“దొరకలేదమ్మా, తనంతట తానే వెళ్ళాడంట. మా కాపలావాడు చెప్పాడు. ఆకలికి రోడ్డెక్కిన జనాన్ని కాల్చమంటే కాల్చనని పారిపోయిన సైన్యాధికారంట ఆయన. ఆయనొచ్చి లొంగిపోతేనే మా ముగ్గుర్నీ వదులుతామన్నారంట.”