తడిబట్ట

"ఫ్యాను ఏస్త అత్తా, ఉడికిపోతున్నం," అంది స్వరూప.

"వద్దు. తంబాకు ఎగురుతది, ఆకు ఎండిపోతది," అంది నర్సవ్వ బీడీ చుడుతూనే.

రేకుల కప్పు నిప్పులు కక్కుతోంది. స్వరూప లేచి, బిందెలో మిగిలిన నీళ్లన్నీ ఆకులపై కప్పిన బట్ట మీద చల్లింది. తిరిగొచ్చి చూస్తే అత్త ముఖం పొడిగా ఉంది. పొద్దటి నుంచి కారిన చెమట ఒక్క చుక్క లేదు.

"చెమట ఆరింది అత్తా, ఇగ నయం."

నర్సవ్వ వేళ్లు చుడుతూనే ఉన్నాయి. వాటి మధ్య ఆకు లేదు, తంబాకు లేదు.

స్వరూప ఆమె నుదురు తాకి, పెనం తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అత్తా! నేనెవరిని?"

"మా అవ్వవు," అని నవ్వింది నర్సవ్వ.

"మల్లేషన్నా, ఆటో తే! ఎల్లారెడ్డి సర్కారు దవాఖానకు పోవాలె!" అని స్వరూప పక్కింటి ఆటో ఆయనకు వినబడేలా వాకిట్లోకి అరిచి ఫ్యాను వేసింది. తంబాకు గదంతా లేచింది. బిందె వంచితే చుక్క రాలేదు. ఆకుల మీది తడిబట్ట లాగి అత్త ఒంటికి చుట్టింది.

నర్సవ్వ దాన్ని విప్పబోయింది.

"ఆకు మీద కప్పవ్వా. ఎండిపోతది."