ఏడో మెట్టు

“ఈయన్నీ మెట్లెక్కించి చూద్దామమ్మా, నిజం తేలిపోతుంది,” అన్నాడు కొడుకు, తల్లి చెవిలో.

పెద్దావిడ మెట్లవైపు చూసింది. ఇంతకుముందు తమ్ముణ్ణంటూ వచ్చిన ఇద్దరూ ఆ మెట్ల మీదే బోర్లాపడి, దుమ్ము దులుపుకుని వెళ్ళిపోయారు. వాళ్ళకూ ఆవిడ కడుపునిండా భోజనం పెట్టే పంపింది. అబద్ధమే ఆడినా, నోరారా అక్కా అని పిలిచారు కదా అని.

వీధిలో నిలబడ్డ ఈ మూడో మనిషికి అరవై దాటి ఉంటాయి. ఏడేళ్ళప్పుడు రైల్లో తప్పిపోయిన తమ్ముడు తానేనంటున్నాడు. ఇల్లు కోటగోడకు ఆనుకుని ఉంటుందని, మేడగది కిటికీ ఆ గోడలోనే తొలిచారని చెప్పాడు. గుమ్మం పక్క రాతిలో ఫిరంగి గుండు చేసిన గుంట ఉందని, అందులో గోళీలు దాచుకునేవాణ్ణని కూడా చెప్పాడు. కొడుకు పెదవి విరిచాడు. అతను కోట చూపించే గైడు. గుంటా కిటికీ తాను రోజూ పదిమందికి చూపించేవే, గోళీలంటారా, ఏ పిల్లాడైనా ఎక్కడో ఒకచోట దాస్తాడని అతని వాదన.

అతను ఎవరికీ చెప్పనిది ఒక్కటే, దొంగమెట్టు. వీధిలోంచి నేరుగా మేడకెక్కే మెట్లలో ఒకదాన్ని, ఈ ఇల్లు కట్టిన మేస్త్రీ కావాలనే నాలుగు వేళ్ళు ఎత్తు పెంచాడు. కోటలో చొరబడ్డ శత్రువు పరుగున ఎక్కితే తట్టుకుని పడాలి, ఆ చప్పుడుకు ఇంట్లోవాళ్ళు మేలుకోవాలి. కిందినుంచి లెక్కపెడితే ఏడోది. ఈ ఇంట్లో పెరిగిన పాదానికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, అక్కడికి రాగానే దానంతటదే పైకి లేస్తుంది.

పెద్దాయన కింది గదిలో కూర్చుంటానన్నాడు. ఆ గది వీధికన్నా పల్లంలో ఉంది, నిన్నటి వాన నీళ్ళన్నీ అందులోనే ఉన్నాయి, మేడ మీదికి పదండన్నాడు కొడుకు.

ఆవిడ ముందే వెళ్ళి పైమెట్టు మీద నిలబడింది. పెద్దాయన గోడకు చెయ్యి ఆనించి, తనలో తాను ఏదో గొణుక్కుంటూ ఎక్కసాగాడు. ఏడో మెట్టుకు బొటనవేలు తగిలి మోకాళ్ళ మీద పడ్డాడు.

ఆవిడ కళ్ళు మూసుకుంది. ఈయన్నీ సాగనంపాలి కాబోలు.

“చూశావుగా,” అన్నాడు కొడుకు కిందినుంచి.

ఆవిడ కళ్ళు తెరిచేసరికి పెద్దాయన సిగ్గుపడుతూ లేచాడు. ఎనిమిదోది ఎక్కాడు. తొమ్మిదో మెట్టు దగ్గర, అక్కడేదో అడ్డం ఉన్నట్టు, కాలు బాగా పైకెత్తి వేశాడు. అడుగు గాల్లో పడి తూలాడు.

కొడుక్కి నవ్వాగలేదు. “ఉన్నచోట తన్నుకున్నారు, లేనిచోట గంతేశారు. దిగండి పెద్దాయనా, బస్సెక్కిస్తాను.”

పెద్దాయన తప్పంతా దానిదే అన్నట్టు తన పాదం వంక చూసుకుని, వెనక్కి తిరిగాడు.

ఆవిడ గబగబా దిగివచ్చి ఆయన భుజం పట్టుకుంది. రెండో చేత్తో గోడను నిమిరింది, ఏ కాలంలోనో పోయిన ఆ మేస్త్రీకి దండం పెట్టుకుంటున్నట్టు.

“మీ మామయ్యకి కుర్చీ వెయ్యరా.”

“పడ్డాడు కదమ్మా.”

“పడడా మరి? రోడ్డు మీద రోడ్డు వేసి కింది రెండు మెట్లు పూడ్చేశారు. వాడు ఇల్లు దాటేనాటికి నీ ఏడో మెట్టు తొమ్మిదోదిరా నాన్నా.”