తువ్వాలు రెండో కొస

విరిగి అతుక్కున్న చెయ్యి మళ్ళీ బరువెత్తదని తాపీ పనివాళ్ళందరి నమ్మకం.

పరంజా మీంచి పడి కుడి దండచెయ్యి విరగ్గొట్టుకున్న మేస్త్రీకీ అదే నమ్మకం.

కట్టు విప్పాక, పుల్లలా సన్నబడ్డ చేతిని చూసి బామ్మర్ది తేల్చేశాడు.

"ఇక గోడలు నీవల్ల కాదు బావా. ఏదో గేటు దగ్గర కాపలా చూసుకో. నీ తాపీ నాకిచ్చెయ్."

మేస్త్రీ నెల్లాళ్ళు గడువడిగాడు.

ఆసుపత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి మోచెయ్యి ముడవమంది. చెయ్యి బిగుసుకుంది గాని ముడుచుకోలేదు.

"ఎముక అతుక్కుందండీ. మిగిలింది మీ భయమే" అందామె. "కండరానికి లాగడమే వచ్చు, నెట్టడం రాదు. ముందుది లాగితే చెయ్యి ముడుచుకుంటుంది, వెనకది లాగితే చాచుకుంటుంది. ఒకటి లాగుతుంటే రెండోది వదలాలి. మీరు రెండింటినీ బిగబట్టుకు కూర్చున్నారు."

"అచ్చం తోడల్లుళ్ళలా అన్నమాట" అన్నాడు గోడవార కూర్చున్న ముసలాయన.

ఆయన దండచేతి మీద పొడవాటి మచ్చ ఉంది. ఈయనా తనలాంటి రోగే అనుకున్నాడు మేస్త్రీ.

ముసలాయన తన భుజం మీది తువ్వాలు కొస అందించాడు.

"పట్టు మేస్త్రీ, లాగుదాం."

"పడిపోతారు పెద్దాయనా."

"పడితే లేపుదువుగాని."

మేస్త్రీ ఆ అమ్మాయి వంక చూశాడు.

"మెల్లగా లాగండి" అందామె.

ముసలాయన పళ్ళు బిగించి, మొహం చిట్లించి, చివరికి తువ్వాలు వదిలేశాడు.

మేస్త్రీ తన మోచేతిని చూసుకున్నాడు. అది ముడుచుకుని ఉంది.

ఆనాటి నుంచి రోజూ అదే పోటీ. రోజూ మేస్త్రీదే గెలుపు. "కాస్త పాలూ గుడ్లూ తీసుకోండి" అని ఓదార్చడం కూడా మొదలుపెట్టాడు.

"వయసయ్యా, ఏం చేస్తాం" అనేవాడు ముసలాయన.

గడువు చివరిరోజున గోడవార కుర్చీ ఖాళీగా ఉంది.

మేస్త్రీ కిటికీలోంచి చూశాడు. వాకిట్లో ముసలాయన ఒక పెద్దావిడను చక్రాల కుర్చీలోంచి రెండు చేతులా ఎత్తి, కారులో కూర్చోబెడుతున్నాడు, పూలసజ్జ దించినంత తేలిగ్గా.

"అదేమిటమ్మా, ఆయన వైద్యానికి కాదూ వస్తున్నది?"

"వైద్యం ఆవిడకండీ, పక్క గదిలో. ఇవాళ్టితో అయిపోయింది. ఆయన తోడు వచ్చేవారు."

"మరి రోజూ నా దగ్గర ఓడిపోయాడే?"

"ఎవరో ఒకరు వదలాలి కదండీ."

"మరి ఆ మచ్చ?"

ఆమె చెప్పింది. మేస్త్రీ వాకిట్లోకి పరుగెత్తేసరికి కారు మలుపు తిరిగిపోయింది.

అక్కడి నుంచే బామ్మర్దికి ఫోన్ చేశాడు.

"తాపీ నా దగ్గరే ఉంటుందిరా."

"విరిగిన చేత్తో ఏం చేస్తావు బావా?"

"ఇప్పుడే ఒక చెయ్యి మనిషిని ఎత్తడం చూశాను. అది రెండుచోట్ల విరిగి అతుక్కున్న చెయ్యి."