కొండెక్కాల్సిన బండి

బండి మళ్ళీ స్టార్ట్ కాలేదు.

మేస్త్రీ బానెట్ ఎత్తి చూసి కేక పెట్టాడు. "డీజిల్ పైపు ఏది? ఏ దొంగ వెధవ పట్టుకుపోయాడు?"

షెడ్డు ముందు చేరిన జనం నవ్వారు. బావమరిది ఇంకాస్త గట్టిగా నవ్వాడు.

"పోయిన ఆదివారం బ్యాటరీ వైరు. ఇవాళ పైపు. నీ బండి ముస్తాబు ఎప్పటికయ్యేను బావా? కొండ మీద కట్టెలు చెదలు తినేస్తున్నాయి."

తప్పు మేస్త్రీదే. గాలివానకు కొండ మీద చెట్లు కూలాయి. ఎవరు తెచ్చుకుంటే వాళ్ళవే. తెద్దామని వెళ్ళిన ట్రాక్టరు మలుపులో బోల్తా పడింది. దాని డ్రైవరు ఇంకా కర్ర పట్టుకునే నడుస్తున్నాడు. అప్పుడైనా నోరు మూసుకోవచ్చు కదా. "ఆ కొండెక్కే బండి నేను కడతా. నేనే నడుపుతా" అని టీకొట్టులో అందరి ముందూ తొడకొట్టాడు.

కట్టాడు కూడా. పాత లారీ చాసిస్, జీపు గేరుబాక్సు, ట్రాక్టరు చక్రాలు. బురదలో కూరుకుపోతే లాక్కోవడానికి ముందు ఇనుప తాడు. కట్టెలు జారకుండా వెనక పైపుల కటకటాలు. పనితనానికి వంక పెట్టలేం. కదలడమే లేదు.

దొంగ ఇంట్లోనే ఉంది.

శనివారం సాయంత్రం మేస్త్రీ టీకొట్టుకు వెళ్ళగానే, ఆయన భార్య పానా పట్టుకుని షెడ్డులో దూరేది. చేతికి ఏది ఊడితే అది. వైరు పిండిడబ్బాలో ఉంది. పైపు దుప్పట్ల పెట్టెలో ఉంది. ఆమె తమ్ముడు కనిపెట్టి నిలదీశాడు.

"అక్కా, బావ పరువు పోతోంది!"

"పోనీరా. మనిషి ఉంటాడుగా."

మేస్త్రీ కొత్త పైపు వేశాడు. పై ఆదివారానికి సెల్ఫ్ మోటారు మాయమైంది. దొంగ చేతులు పడిపోవాలని వీధంతా వినబడేలా తిట్టాడు. భార్య వంటింట్లో తలొంచుకుని విన్నది. "పాపం, ఈ దొంగే లేకపోతే ఈపాటికి కొండ మీద ఉండేవాడు" అనుకుంటూ జనం ఇళ్ళకు పోయారు.

తమ్ముడికి మనసొప్పలేదు. అక్క కోళ్ళగూట్లో దాచిన మోటారును, దాన్ని పొదుగుతున్న పెట్టను అదిలించి, బయటికి తీశాడు. బావ చేతిలో పెట్టాడు.

"తుప్పల్లో దొరికింది బావా. ఇదిగో, షెడ్డుకు తాళం కూడా తెచ్చా. ఇక ఏ దొంగా దూరలేడు. ఈ ఆదివారం నువ్వు కొండెక్కాల్సిందే."

మేస్త్రీ తాళం వంక చాలాసేపు చూశాడు.

"బతికించావురా" అన్నాడు.

శనివారం సాయంత్రం మోటారు బిగించాడు. నలుగురూ చూస్తుండగా తాళం వేశాడు. నలుగురూ వెళ్ళిపోయాక తాళం తీసి, మోటారు నట్లు వదులు చేసి, వాటికి నూనె పూసి, పానా పక్కనే పెట్టి, మళ్ళీ తాళం వేసి, తాళంచెవిని పిండిడబ్బాలో వైరు పక్కన పెట్టి, టీకొట్టుకు బయల్దేరాడు.