ఎడమ సీటు బరువు

అది నవంబరు పదకొండు. గుమ్మడికాయ ముక్కలేసి ఉడికించిన వెడల్పాటి నూడుల్స్ తిని మెకానిక్ నుకుయి ఇంకా చెయ్యి కడుక్కోలేదు, షెడ్డు ముందు వెండిరంగు కారు ఆగింది.

నాలుగు తలుపులున్నా పరుగుకే పుట్టిన కారు. కొండదారి మలుపుల్లో నేలను కరచుకుని పోతుంది.

దిగినాయన పలచగా ఉన్నాడు, అరవై దాటి ఉంటాయి. పేరు ఒరిహరా అన్నాడు.

"సస్పెన్షన్ మెత్తబరచాలండీ. గతుకు పడ్డా లోపల కూర్చున్నవాళ్లకి నొప్పి తెలియకూడదు."

"పరుపు కావాలంటే పరుపుల కొట్టుకెళ్లండి. పులిని తెచ్చి పళ్లు పీకమంటారేం?"

"పళ్లుండనివ్వండి. కరవకపోతే చాలు."

నుకుయికి ఆ మాట నచ్చింది.

"ఎడమ సీట్లో నలభై నాలుగు కిలోలు పెట్టి బిగించండి," అన్నాడు ఒరిహరా.

నుకుయి తలెత్తి చూశాడు. పని తెలిసినవాడి మాట అది.

చక్రాలు నేలకు ఆని, సీట్లో మనిషంత బరువు పడ్డాకే, కుదుపుల్ని మింగే రబ్బరు బుష్‌ల నట్లు బిగించాలి. కారు గాలిలో వేలాడుతుండగా బిగిస్తే లోపలి రబ్బరు మెలిపడి ఉండిపోతుంది. ఇక ప్రతి గతుకూ తిన్నగా వెన్నులోకే.

చాలామంది మేస్త్రీలు అంత ఓపిక పట్టరు. నుకుయి మాత్రం ఇరవై ఏళ్లలో ఒక్కనాడూ తప్పలేదు.

ఇసుక మూటలు తూచి సీట్లో పెట్టాడు. నట్లు బిగించాడు.

డిసెంబరులో ఒరిహరా మళ్లీ వచ్చాడు. "ఈసారి అరవై ఒకటి."

జనవరిలో ముప్పై ఎనిమిది.

నుకుయి భార్య చిజురు టీ ఇస్తూ నవ్వు ఆపుకోలేకపోయింది.

"నెలకొకరా! ఏమండీ ఒరిహరా గారూ, మొత్తం ఎంతమంది?"

"లెక్క పెట్టుకోలేదమ్మా."

"కాస్త దూరంగా కూర్చోండి. మా ఆయన చూసి నేర్చుకుంటారు."

"నాకంత ఓపికెక్కడిదే," అన్నాడు నుకుయి కారు కింద నుంచి.

ముగ్గురూ నవ్వుకున్నారు. వాళ్లెవరో ఒరిహరా మాత్రం చెప్పలేదు.

మార్చి చివర్లో టైర్ల కొట్టాయన వచ్చి చెప్పాడు.

"ఆ వెండి కారాయన్ని ఆసుపత్రి గేటు దగ్గర చూశాను. ఒకసారి ముసలావిడ ఎక్కింది, ఇంకోసారి ఎవరో కుర్రాడు. పర్మిట్ లేని టాక్సీ నడుపుతున్నాడయ్యా!"

నుకుయి ముఖం మాడిపోయింది. తన చేతిపనితో దొంగ టాక్సీయా?

ఏప్రిల్ పదిహేడున ఒరిహరా వచ్చేసరికి బుష్‌లు అరిగి కిర్రుమంటున్నాయి. కొత్తవి వెయ్యాలి.

"ఎడమ సీట్లో యాభై ఒకటి, నుకుయి గారూ. ఆదివారం అకాగి కొండెక్కాలి. ఈసారి కూర్చునే మనిషికి ఈ కారు సంగతి బాగా తెలుసు. చిన్న దెబ్బైనా పసిగడతాడు."

"సరే," అన్నాడు నుకుయి. టీ తాగుతారా అని కూడా అడగలేదు.

"ఇసుక మూటలు తెమ్మంటారా?" చిజురు అడిగింది.

"టాక్సీకి మూటలెందుకు?"

కారు లిఫ్ట్ మీద ఉండగానే, చక్రాలు వేలాడుతుండగానే, నట్లన్నీ బిగించేశాడు.

తాళాలు తీసుకుంటూ ఒరిహరా తల వంచాడు. "మీ చేతి మీద నమ్మకంతో వస్తానండీ ఇంత దూరం."

నుకుయి వెనక్కి తిరిగి పనిముట్లు సర్దుకోసాగాడు.

పదకొండు రోజుల తర్వాత, సాయంత్రం, అదే కారు వచ్చింది. నడుపుతున్నది ఒక నర్సు.

"ఎడమవైపు గట్టిగా కొడుతోందండీ. వచ్చే ఆదివారం ఒక బామ్మగారిని సముద్రం చూపించడానికి తీసుకెళ్లాలి. నలభై ఏడు కిలోలు."

"ఓహో, టాక్సీలో మీకూ వాటా ఉందన్నమాట."

"టాక్సీయా?" ఆ అమ్మాయి తెల్లబోయింది. "మాది ఇక మందులు పనిచెయ్యనివాళ్ల వార్డండీ. ఎక్కడికెళ్లాలనుంటే అక్కడికి ఒక్కసారి తీసుకెళ్లేవారు ఒరిహరా గారు. ఒకరు సొంత ఆపిల్ తోట చూసుకున్నారు. ఒకరు బడి మెట్ల మీద కూర్చుని వచ్చారు. ఆసుపత్రి బండెక్కితే రోగులం, ఈ కారెక్కితే షికారెళ్తున్నాం అనేవారు మా పేషెంట్లు."

నుకుయి చేతిలోని స్పానర్ కింద పెట్టాడు.

"ఆయన రాలేదేం?"

"కారు మా వార్డుకే ఇచ్చేశారండీ."

నుకుయి కారును లిఫ్ట్ మీదికెత్తాడు. నట్లు వదులు చేసి కారును నేలకు దించాడు. ఇసుక మూటలు ఒకటికి రెండుసార్లు తూచి, నలభై ఏడు కిలోలు సీట్లో పెట్టాడు. నేల మీద వెల్లకిలా పడుకుని ఒక్కో నట్టూ బిగించాడు. లేచేసరికి దీపాలు వెలిగాయి.

"ఆ ఆదివారం అకాగి వెళ్లిన మనిషి... నొప్పి పడ్డాడా అమ్మా?"

"చెప్పొద్దన్నారు. దారంతా తలుపు పిడి వదల్లేదు. బండి ఆపనా అంటే వద్దన్నారు. మేస్త్రీ మనసు కష్టపెట్టుకుంటాడు, ఆయనకి చెప్పకమ్మా అన్నారు."

"తప్పు నాదే. ఏ గదిలో ఉన్నారో చెప్పు. వచ్చి కాళ్లు పట్టుకుంటాను."

ఆ అమ్మాయి తల దించుకుంది.

"ఆ రోజు కారు నడిపింది నేనండీ. ఒరిహరా గారు కూడా మూడేళ్లుగా మా పేషెంటే. ఎడమ సీట్లో కూర్చున్నది ఆయనే. ఆ తర్వాతి శుక్రవారం పోయారు."

కారు వెళ్లిపోయాక నుకుయి అక్కడే నిలబడిపోయాడు. చిజురు చప్పుడు కాకుండా షెడ్డు తలుపు మూసింది.