పరిమితి ఎవరికి?

కంటి ఆస్పత్రి కౌంటర్ దగ్గర నిలబడి డ్రిల్లు మాస్టారు తన భార్య పేరు కొట్టేయమన్నారు.

నెలనెలా కంట్లో వేయించుకోవాల్సిన ఇంజక్షన్ పోయిన నెల ఎలాగూ మానేశారు. ఇక కొత్త సంవత్సరం వచ్చాకే వస్తామని చెప్పారు.

కౌంటర్లో అమ్మాయి ఫోన్లో మాట్లాడుతూనే తలూపి, పేరు కొట్టేసింది.

మాస్టారు రిటైరై ఆరేళ్ళయినా ఆయన గొంతులో ఈల ఇంకా రిటైరవలేదు. మెల్లగా చెప్పినా హాలంతా వినబడుతుంది.

ఆరోగ్య బీమా కంపెనీ పంపిన ఉత్తరం ఆయన చేతిలో ఉంది. 'మీ సొంత ఖర్చు పరిమితి ఈ ఏడాదికి పూర్తయింది' అని అందులో రాసుంది.

జీవితమంతా మైదానంలో సున్నం గీతలు గీయించిన మనిషికి ఇంకా విడమర్చి చెప్పాలా? గీత దాటితే అవుటే. ఇక బీమా వాళ్ళు పైసా ఇవ్వరు.

ఆ సంగతి చెప్పినప్పుడు భార్య, "పోనీలెండి, మీ మొహం నాకు కంఠతా వచ్చుగా" అని నవ్వేసింది.

ఆ నవ్వుకి మాస్టారి ప్రాణం ఉసూరుమంది.

వెనక బెంచీ మీంచి ఓ పెద్దమనిషి లేచి వచ్చాడు.

"ఆ కాగితం ఓసారి చూపిస్తారా?"

మాస్టారు ఎగాదిగా చూశారు. ఇలాంటి చోట్ల కాచుక్కూర్చునే ఏజెంట్ల గురించి ఆయన చాలా విన్నారు. తమరి పని చూసుకోమన్నారు.

"ఇంజక్షన్ ఆపకండి. పరిమితి మీకండీ, వాళ్ళకి కాదు."

మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది. గార్డును పిలిచి, రోగుల వెంట పడుతున్నాడని అక్కడికక్కడే ఫిర్యాదు రాసిచ్చారు.

పెద్దమనిషి గొడవ పడలేదు. గేటు దగ్గర మాత్రం వెనక్కి తిరిగి అదే మాట మళ్ళీ అన్నాడు.

ఇంటికెళ్ళి మాస్టారు తన ఘనకార్యం వర్ణించి చెప్పారు. తడుముకుంటూ కూర తరుగుతున్న భార్య చెయ్యి ఆగింది.

"ఏమన్నాడూ, మళ్ళీ చెప్పండి."

"పరిమితి మనకట. వాళ్ళకి కాదట."

"సొంత ఖర్చంటే ఎవరి ఖర్చండీ?"

మాస్టారు ఉత్తరం మడత విప్పి, మొదటి నుంచి మళ్ళీ చదివారు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కౌంటర్ దగ్గరున్నారు. ఈసారి అమ్మాయి ఉత్తరం చదివింది.

"మీరు చేతి నుంచి పెట్టుకోవాల్సింది అయిపోయింది సార్. పాలసీలో ఉన్న వైద్యానికి ఈ ఏడాదంతా ఇక మొత్తం కంపెనీదే."

నిన్ననే ఎందుకు చెప్పలేదని మాస్టారు అడిగారు. మీరు అడగలేదుగా సార్, పేరు కొట్టేయమన్నారంతే అంది అమ్మాయి.

ఇంకో నెల ఆగుంటే చూపు తిరిగొచ్చేది కాదన్నాడు డాక్టరు. ఇంజక్షన్ చేయించుకుని, కంటికి కట్టుతో బయటికొచ్చిన భార్య చెయ్యి పట్టుకుని మాస్టారు ఏడ్చేశారు. చుట్టూ జనం ఉన్నారన్న ధ్యాస కూడా లేదు.

ఆవిణ్ణి కూర్చోబెట్టి ఆ పెద్దాయన కోసం వెతికారు. బెంచీ ఖాళీగా ఉంది.

ఫిర్యాదు వచ్చింది కాబట్టి ఆస్పత్రి వాళ్ళు ఆయన్ని ఇక రావద్దన్నారని గార్డు చెప్పాడు. ఇలా బీమా ఉత్తరాలు విడమర్చి చెప్పినందుకు ఎవరి దగ్గరా కాఫీ డబ్బులు కూడా పుచ్చుకునేవాడు కాదట. ఇల్లెక్కడో గార్డుకు తెలియదు.

"ఇంతకీ ఎవరాయన?"

"మీ బీమా కంపెనీలోనే చేసి రిటైరయ్యారు సార్. మీకొచ్చిన ఉత్తరంలో మాటలన్నీ ఆయన రాసినవే."

గార్డు గొంతు తగ్గించాడు.

"అదే ఉత్తరం వాళ్ళింటికీ వచ్చిందట. చదువుకుని, బీమా అయిపోయిందనుకుని, ఆయనకు చెప్పకుండా మందులు మానేసి కన్నుమూసింది ఆయన భార్య."