తెల్లబడిన పటం

"ఆ ఎర్రచుక్కలు తీసేయమ్మా. రేపు రిపోర్టు పంపాలి," అన్నారు గంగాధరరావు, కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పకుండా.

స్వర్ణలత తను సరిగ్గానే విన్నానా అనుకుంది. ఉప్పల్‌లోని ఆ చిన్న భూగర్భజల పరిశోధన సంస్థకు ఆయన డైరెక్టరు, ఆమె సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. బోరునీళ్ళ పరీక్షల ఫలితాలు ఎక్కిస్తే చాలు, నేల లోపల విషం ఎటు పాకుతోందో పటం గీసి చూపించే ప్రోగ్రాం ఆమె రాసిందే. హైటెక్ సిటీలో మంచి కొలువు వదులుకుని వచ్చి ఏళ్ళ తరబడి దాన్నే చెక్కుతూ కూర్చుంది. ఆ పటాలతో ఎవరెవరో వ్యాసాలు అచ్చువేయించుకున్నారు. ఆమె పేరు ఒక్కదాంట్లోనూ లేదు. ఏనాటికైనా ఇది మామూలు మనుషులకు పనికొస్తుందన్న ఆశ ఒక్కటే ఆమెను అక్కడ నిలబెట్టింది.

ఇవాళ ఆ పటంలో నాచారం ఫ్యాక్టరీల వెనకున్న శ్రామికనగర్ మొత్తం ఎర్రగా ఉంది.

"అవి నేను పెట్టిన చుక్కలు కావు సార్. నీళ్ళలో ఉన్నదే అక్కడ కనిపిస్తోంది."

"ఆ బోర్ల వివరాలు ఎక్కించకు. సరిపోతుంది."

"అప్పుడక్కడ తెల్లగా ఉంటుంది. చూసినవాళ్ళు నీళ్ళు బాగున్నాయనుకుంటారు."

"అనుకోనీ."

ఎవరు చెప్పమన్నారని అడిగింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తను కాదనలేని వాళ్ళు వచ్చి అడిగారనీ, అంతకుమించి చెప్పలేననీ అన్నారు. ఫ్యాక్టరీ యజమానులను కాదనే ధైర్యం ఈయనకెక్కడిదిలే అనుకుంది స్వర్ణలత. ఆ పని తన చేత్తో చేయనని తెగేసి చెప్పింది. అయితే రేపట్నుంచి రానక్కర్లేదన్నారాయన. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. అంతకన్నా పెద్ద మాట అవసరం లేకపోయింది.

హృషికేశ్‌ను పిలిపించారు. ఆ ప్రోగ్రాంలో అక్షరం అక్షరం ఆమె దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడు. వచ్చి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. కాసేపు తెర వైపే చూసి, తలెత్తకుండా, "అక్కా, పాస్‌వర్డ్," అన్నాడు.

చెప్పింది. తన సంచీ, లాప్‌టాప్ తీసుకుని బయటికి నడిచింది. అసలు పటం అందులో భద్రంగా ఉంది.

మెట్రో కోసం తవ్విపోసిన రోడ్డు మీద దుమ్ము రేగుతోంది. ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. షేర్ ఆటో ఎక్కి నాచారంలో దిగి, నేరుగా శ్రామికనగర్‌లోని సాంబయ్య ఇంటికి వెళ్ళింది. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఆ పెద్దాయనే బోరు బోరుకూ దగ్గరుండి తిప్పి ఆమె చేత నీళ్ళు పట్టించాడు. వాకిట్లో ఫ్యాక్టరీ రసాయనాల వాసన ఎప్పటిలాగే గొంతులో పట్టుకుంది. సాంబయ్య భార్య రాములమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. మూత్రపిండాలు చెడి మనిషి పూర్తిగా చిక్కిపోయింది. లేవబోతుంటే స్వర్ణలత భుజం పట్టి కూర్చోబెట్టింది.

కాలనీ వాళ్ళందరినీ పిలవమంది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ వచ్చి వాకిలి నిండా నిలబడ్డారు. స్వర్ణలత ప్లాస్టిక్ కుర్చీ మీద లాప్‌టాప్ తెరిచి, ఎవరి బోరు ఎక్కడుందో వేలుపెట్టి చూపించింది. నీళ్ళు రంగు మారకపోయినా వాటిలో ఏముందో, దానివల్ల ఒంట్లో ముందు ఏవి దెబ్బతింటాయో చెప్పింది. రాములమ్మ వైపు చూడకుండా ఉండాలనుకుంది కానీ చూపు అటే పోయింది. సారు ఆ చుక్కలు తీసేయమన్నారనీ, కాదన్నందుకు కొలువు పోయిందనీ కూడా చెప్పేసింది.

ఒకావిడ పిల్లను చంకనెత్తుకుని మెల్లగా గేటు దాటి వెళ్ళిపోయింది.

"గిది ఇంకెవ్వరన్న సూసిన్రామ్మా?" అనడిగాడు పక్కింటి కనకరాజు.

తన గురించే భయపడుతున్నాడనుకుని ఆమె గుండె తడైంది. ఎవరూ చూడలేదనీ, ముందు వాళ్ళకే చూపిస్తున్నాననీ చెప్పింది. కనకరాజు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"రేపు పేపరోళ్ళ దగ్గరికి పోదాం అన్నా," అంది. "కంపెనీలోళ్ళు మా సారును లొంగదీసిన్రు. నన్ను లొంగదీయలేరు. నా కొలువు పోతే పోయింది, నాకు ఫికర్ లేదు. మీరంత నా ఎన్క నిలబడితే చాలు."

జనంలో చిన్న కదలిక. కొందరు నేల చూశారు, కొందరు సాంబయ్య వైపు చూశారు. రాములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సాంబయ్య మెల్లగా వంగి లాప్‌టాప్ మూత మూసేశాడు. చాలాసేపు దాని మీద నుంచి చెయ్యి తీయలేదు.

"నీ అసుంటి బిడ్డ కొలువు పోయిందంటే పాణం కలుక్కుమంటుంది," అన్నాడు చివరికి. "గానీ తెలంగాణ ఇచ్చిన్రని జాగల ధరలు పిరమైనయి. నీకు నీళ్ళు పట్టిచ్చినంక, అపార్ట్‌మెంట్లు కడ్తనని బిల్డర్ బేరానికొచ్చిండు. అమ్ముకుంటెనే నా ముసల్దాన్ని దవాఖానల సూపిచ్చుకుంట. గీ సంగతి బైటవడితె ఎవ్వడు కొనడు బిడ్డా. మీ సారు కాళ్ళు వట్టుకున్నది కంపెనీలోళ్ళు గాదు, మేమే."